అత్తయ్య పొడి, విశాఖ ఇంజెక్షన్, మధ్యలో నా చేతులు

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం వైపు నుంచి ఒక చెల్లి రాసింది. పేరు వద్దంది, గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను. వయసు 29, పెళ్ళై ఐదేళ్ళు, పిల్లలు లేరు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మూడేళ్ళ క్రితం చేతివేళ్ళ కణుపులు వాచాయి, అప్పట్లో చికున్‌గున్యా అనుకుని వదిలేశారు, ఆరు నెలలైనా తగ్గకపోతే విశాఖ తీసుకెళ్ళారు, అక్కడ రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు) అని తేలింది. అప్పట్నుంచి వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. "పొద్దున్న లేచాక గంటన్నర దాకా కత్తెర రింగుల్లో వేళ్ళు పట్టవు అక్కా. హుక్కులు, కాజాలు పక్కింటి ఒడియా అమ్మాయి చేత కుట్టిస్తున్నా, జాకెట్టుకి వచ్చేదాంట్లో సగం ఆమెకే పోతోంది" అని రాసింది.

పోయినసారి ఎక్స్‌రేలో ఎముక అంచులు తినేసినట్టు కనపడిందట. డాక్టరు గారు పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ వేసుకోవాలన్నారు, ముందు టీబీ టెస్టులు చేయించమన్నారు. నెలకి రెండు ఇంజెక్షన్లంటే వాళ్ళాయన జీతంలో సగం పైనే. ఆయన గొలుసు తాకట్టు పెట్టైనా వేయిద్దాం అంటున్నారు. అత్తగారికి పోయినేడాది ఊపిరితిత్తుల టీబీ వచ్చింది, ఆరు నెలల మందులు పూర్తి చేశారు, ఆవిడ మాత్రం "ఒంట్లో శక్తిని చంపేసే ఇంజెక్షనట, ఇంట్లో టీబీ తిరిగిన మనకెందుకు" అని ఒప్పుకోవట్లేదు. మరిది ఫోన్లో చదివి ఇంకోటి చెప్పాడు, ఈ మందు ఆపేసేది టీఎన్ఎఫ్ అనే పదార్థాన్నట, అది క్యాన్సర్ గడ్డల్ని చంపేదట, దాన్ని ఆపేస్తే క్యాన్సర్ రాదా అని. ఉత్తరం చివర్లో రెండు మాటలు చిన్నగా రాసింది. ఒకటి, ఏడాదిగా అత్తగారు వారపు సంతలో ఒకాయన దగ్గర తెచ్చే బూడిదరంగు పొడి తేనెలో కలుపుకుని తింటోంది, డాక్టరుకీ చెప్పలేదు, వాళ్ళాయనకీ చెప్పలేదు. రెండోది, పిల్లల కోసం ఎదురుచూస్తున్నారు కాబట్టి ఏ జాగ్రత్తా పాటించట్లేదు, ఈమధ్య రెండుసార్లు నెల ఆలస్యమైంది.

చెల్లీ, నువ్వు అడిగింది ఇంజెక్షన్ వేసుకోవాలా వద్దా అని. దానికి వస్తాను, వివరంగానే వస్తాను, కానీ నువ్వు చివర్లో చిన్నగా రాసిన రెండు మాటలే నన్ను ఎక్కువ కంగారు పెట్టాయి, అవి తేలకుండా ఇంజెక్షన్ గురించి ఎవరు ఏం చెప్పినా గాల్లో మాటే అవుతుంది.

ముందు మెథోట్రెక్సేట్ సంగతి. ఈ మందు తింటూ గర్భం వస్తే బిడ్డ పడిపోవచ్చు, నిలిస్తే అవయవలోపాలతో పుట్టొచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళకి డాక్టర్లు ముందుగానే, మామూలుగా మూడు నెలల ముందు, దీన్ని ఆపించి వేరే మందు మీదకి మారుస్తారు. నీకు ఈ మాట ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆ హడావిడిలో వినపడలేదో తెలీదు, ఎవరి తప్పన్నది ఇప్పుడు వదిలెయ్. వచ్చే వారం మాత్ర వేసుకునే రోజుకి ముందే మందుల షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చి చూసుకో. గీతలు రెండు వస్తే మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్. ఒక గీతే వస్తే, మందు విషయం తేలేదాకా ఇద్దరూ జాగ్రత్త పడండి. పిల్లలు వద్దని కాదమ్మా, ఈ మందు ఒంట్లో ఉండగా వద్దని. నెల ఆలస్యమవడానికి జబ్బు కూడా కారణం కావచ్చు, పొడి కూడా కావచ్చు, ఊహించుకుంటూ కూర్చోవద్దు.

రెండోది పొడి. అందులో ఏముందో చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కానీ నువ్వు రాసినవి ఒక్కోటీ చూస్తే, తిన్న రెండ్రోజులకే నొప్పులు మాయం, ఆకలి పెరిగింది, ముఖం ఉబ్బింది, పొడి అయిపోయిన వారం మంచం దిగలేకపోయావు, ఇవన్నీ స్టెరాయిడ్ లక్షణాలే. కీళ్ళనొప్పులకి సంతల్లో అమ్మే పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి మాత్రలు నూరి కలపడం మన దేశంలో పాత సంగతే, డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. నీ సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) ఒకసారి తగ్గి ఒకసారి పెరిగి డాక్టరుగారికే అర్థం కావట్లేదని రాశావు చూడు, ఆ తేదీలూ పొడి ఉన్న వారాలూ లేని వారాలూ పక్కపక్కన రాసి చూసుకో, నాకైతే అక్కడే సమాధానం ఉందనిపిస్తోంది. పొడి ఉన్నప్పుడు రిపోర్టు బాగుంటుంది, లేనప్పుడు పాడవుతుంది, లోపల ఎముక మాత్రం రెండు వేళలా అరుగుతూనే ఉంది.

ఒక్క హెచ్చరిక. ఇది చదివి రేపట్నుంచి పొడి టక్కున మానెయ్యకు. నెలల తరబడి స్టెరాయిడ్ తింటే ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరు దానికి సరిపడా తెలిసిన మోతాదు మాత్ర ఇచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అంటే మానాలన్నా సరే ముందు చెప్పక తప్పదు.

ఇప్పుడు టీఎన్ఎఫ్ గురించి. మీ మరిది చదివినదాంట్లో సగం నిజమే, అబ్బాయి ఇంటి కోసం ఆలోచించి చదివాడు, కోప్పడకు. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్, ఎలిజబెత్ కార్స్‌వెల్ వాళ్ళ బృందం ఎలకల్లో గడ్డల్ని కుళ్ళబెట్టే ఒక పదార్థాన్ని కనుక్కుంది, అందుకే దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే గడ్డల్ని కుళ్ళబెట్టే పదార్థం, పొట్టిగా టీఎన్ఎఫ్ అని పేరొచ్చింది. క్యాన్సర్ మందు దొరికేసిందని చాలా ఆశపడ్డారు కూడా. మనుషులకి ఒంటి నిండా ఎక్కిస్తే జ్వరాలు, బీపీ పడిపోవడాలు, తట్టుకోలేకపోయారు. ఇంకోపక్క జబ్బు జంతువులు ఎందుకు చిక్కి శల్యమవుతాయో వెతుకుతున్న ఆంథోనీ సెరామీ, బ్రూస్ బ్యూట్లర్‌లకి ఒక ప్రోటీన్ దొరికింది, 1985కి తేలిందేంటంటే ఆ రెండూ ఒకటే. అంటే ఒకే పదార్థం అవసరానికి పుడితే కాపాడుతుంది, ఆగకుండా పుడితే మనిషిని తినేస్తుంది.

మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి వాడే ప్రోటీన్లని సైటోకైన్లంటారు, టీఎన్ఎఫ్ వాటిలో ఒకటి. క్రిమి దూరగానే మాక్రోఫేజ్ అనే తెల్లకణం దీన్ని వదుల్తుంది. దాంతో దగ్గర్లో రక్తనాళాల లోపలి పొర జిగటగా మారి, రక్తంలో పోయే తెల్లకణాలు అక్కడ ఆగి బయటికొస్తాయి, చోటు వాస్తుంది, వేడెక్కుతుంది, జ్వరం వస్తుంది. పని అయ్యాక తగ్గిపోవాలి. నీ జబ్బులో తగ్గట్లేదు. కీలు లోపలి పలచటి పొర మందంగా పెరిగి అందులో కణాలు రాత్రీ పగలూ టీఎన్ఎఫ్ వదుల్తూనే ఉన్నాయి, అది ఎముకని కరిగించే కణాల్ని కూడా రెచ్చగొడుతుంది, నీ ఎక్స్‌రేలో అంచులు తినేసినట్టు కనపడేది అదే. దీని వెనకే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అని మిగతావి పెరుగుతాయి. ఈ ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయానికి చేరితే సీఆర్‌పీ తయారవుతుంది, నువ్వు డబ్బులు పెట్టి చేయించే టెస్టు అదే. మీ జబ్బువాళ్ళలో ఈ ఇంటర్‌ల్యూకిన్-6 తెల్లవారుజామున బాగా ఎక్కువవుతుంది, నీకు పొద్దున్నే కత్తెర పట్టకపోడానికి అదొక ముఖ్య కారణం. అత్తయ్య అంటున్నట్టు బద్ధకం కాదు, ఆ మాట నువ్వు రాసినప్పుడు నాకు చాలా బాధేసింది.

ఇంకో సంగతి, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ 9 దాటట్లేదని రాశావు. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోన్ తయారు చేయిస్తుంది, అది పేగు నుంచి ఐరన్ ఎక్కకుండా, నిల్వలో ఉన్నది బయటికి రాకుండా ఆపేస్తుంది. అప్పుడు మాత్రలు మింగినా లాభం తక్కువ, జబ్బు అదుపులోకొస్తేనే రక్తం పడుతుంది. అయితే మన రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు ఉన్నాయి, అది కూడా కీళ్ళు నొప్పులు పుట్టించి రక్తం తగ్గిస్తుంది, ఇంతవరకూ చూడకపోతే ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్‌తో పాటు ఆ టెస్టూ ఒకసారి చేయించమని అడుగు.

మరి ఇన్ని సైటోకైన్లు ఉన్నప్పుడు ఒక్కదాన్ని ఆపితే ఏం లాభం, మిగతావి పని కానిస్తాయి కదా అని పెద్ద పెద్ద వాళ్ళే అనుకున్నారు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, మన లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ కలిసి పనిచేసేవాళ్ళు. వాళ్ళ బృందంలో ఫియోనులా బ్రెన్నన్ రోగుల కీళ్ళ పొరలోంచి తీసిన కణాల్ని గాజు పాత్రలో పెంచి, టీఎన్ఎఫ్ ఒక్కదాన్నే ఆపి చూసింది, వెనక ఉన్న ఇంటర్‌ల్యూకిన్-1 కూడా పడిపోయింది, ఆ సంగతి 1989లో బయటపెట్టారు. 1992లో ఏ మందూ పనిచేయని కొంతమంది రోగులకి చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో టీఎన్ఎఫ్‌ని ఆపే మందు మొదటిసారి ఎక్కించారు, మెట్లెక్కలేనివాళ్ళు కొద్దిరోజుల్లోనే లేచి తిరిగారు. నీకు రాసిచ్చిన అడాలిముమాబ్ ఆ కుటుంబంలోదే, అమెరికాలో 2002 చివర్లో అనుమతి వచ్చింది, 2014 నుంచి మన దేశంలోనే బయోసిమిలర్లు (అసలు మందుని పోలిన, తక్కువ ధర మందులు) తయారవుతున్నాయి, అందుకే రేటు ఈ మాత్రమైనా దిగింది. మరిదికి ఇంకో మాట చెప్పు, ఇరవై ఏళ్ళ పైన లక్షల మంది వాడాక చూస్తే మొత్తం మీద క్యాన్సర్లు పెరిగినట్టు పెద్ద రిజిస్ట్రీల్లో కనపడలేదు, చర్మ క్యాన్సర్ కొద్దిగా పెరగొచ్చంటారు, లింఫోమా (తెల్లకణాల్లో వచ్చే ఒక క్యాన్సర్) గురించి మందు పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది కానీ రుమటాయిడ్ జబ్బు తీవ్రంగా ఉండటమే ఆ ముప్పుని పెంచుతుంది కాబట్టి ఏది ఎంత అని విడదీయడం కష్టం. నీ ఇంట్లో భయపడాల్సింది క్యాన్సర్‌కి కాదు.

టీబీకి. ఇక్కడ అత్తయ్య మాటే గట్టి మాట.

టీబీ క్రిమి ఒంట్లోకొచ్చిన అందరికీ జబ్బు రాదు. ఊపిరితిత్తుల్లో తెల్లకణాలు దాని చుట్టూ చేరి దడి కట్టినట్టు కట్టేస్తాయి, క్రిమి లోపల చావకుండా, బయటికి రాకుండా ఏళ్ళ తరబడి పడుంటుంది, మనిషికి దగ్గు కూడా ఉండదు. ఆ దడి నిలబడి ఉండటానికి టీఎన్ఎఫ్ కావాలి. ఇంజెక్షన్‌తో టీఎన్ఎఫ్ ఆపేస్తే దడి విడిపోయి క్రిమి బయటపడొచ్చు. ఊహ కాదిది, ఈ మందులు వచ్చిన కొత్తలో, 2001లో, టీఎన్ఎఫ్‌నే ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు తీసుకున్నవాళ్ళలో 70 మందికి టీబీ వచ్చిన సంగతి ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది, ఎక్కువ మందికి మొదటి కొన్ని నెలల్లోనే, అదీ ఊపిరితిత్తులు దాటి వేరే అవయవాల్లో కూడా. అప్పట్నుంచే ముందు టీబీ పరీక్ష, తర్వాతే ఇంజెక్షన్ అనే పద్ధతి వచ్చింది. పద్ధతిగా చేసినచోట ఆ ముప్పు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

ప్రపంచంలో టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, నువ్వు పైగా టీబీ మనిషితో ఒకే కప్పు కింద, ఒకే వంటింట్లో తిరిగావు. అత్తయ్యకి మందులు మొదలుపెట్టినప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచి చూశారా? ఇంటి మనుషులకి పరీక్ష చేసి, జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా మందు ఇవ్వడం సర్కారు టీబీ కార్యక్రమంలోనే ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు. అప్పుడు జరక్కపోతే ఇప్పుడైనా అత్తయ్య టీబీ కార్డు పట్టుకుని అదే కేంద్రానికి వెళ్ళి అడగండి. టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ మొదలుపెట్టబోయేవాళ్ళు కూడా ఆ మందుకి అర్హులే.

ఇక్కడే మళ్ళీ పొడి అడ్డొస్తుంది చూడు. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష అయినా, రక్తంతో చేసే ఇగ్రా అయినా, మన తెల్లకణాలు టీబీ ముక్కని గుర్తుపట్టి స్పందిస్తున్నాయా లేదా అనేదే చూస్తుంది. స్టెరాయిడ్ తింటున్న ఒంట్లో ఆ స్పందనే అణిగిపోయి ఉండొచ్చు. టీబీ ఉండి కూడా టెస్టు నెగటివ్ రావచ్చు. డాక్టరుగారు ఆ కాగితం నమ్మి ఇంజెక్షన్ రాస్తారు. తెలిస్తే ఆయన ఎక్స్‌రే ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు, అవసరమైతే స్కాన్ చేయిస్తారు, టెస్టు నెగటివ్ వచ్చినా ఇంట్లో టీబీ ఉంది కాబట్టి ముందు మందు ఇద్దాం అనొచ్చు. ఒక్క మాట దాచినందువల్ల జరిగే ప్రమాదం ఇంజెక్షన్ ప్రమాదం కంటే పెద్దది, నేను ఈ ఉత్తరంలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పుడు దారులేంటో చూద్దాం, ఏది పట్టుకోవాలో నువ్వూ మీ ఆయనా డాక్టరూ కూర్చుని తేల్చుకోవాలి.

ఇంజెక్షనే కావాలనుకుంటే వరస ఇలా ఉంటుంది. టీబీ జబ్బు ఇప్పటికే ఉందేమో చూస్తారు, ఉంటే పూర్తి వైద్యం ముందు. లోపల నిద్రపోతున్న టీబీ అయితే ఐసోనియాజిడ్ ఆరు నెలలో, లేదా రిఫాపెంటిన్‌తో కలిపి వారానికోసారి 12 వారాలో ఇస్తారు, అది మొదలైన నెల తర్వాత ఇంజెక్షన్ మొదలుపెట్టడం మామూలు పద్ధతి. ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయం మీద భారమే, లివర్ టెస్టు మధ్యమధ్యలో తప్పనిసరి. రిఫాపెంటిన్ తింటే గర్భం రాకుండా వేసుకునే మాత్రలు సరిగ్గా పనిచెయ్యవు, కాబట్టి ఆ కాలంలో కండోమ్ నయం. హెపటైటిస్ బీ, హెచ్ఐవీ టెస్టులు కూడా రాస్తారు, అనుమానించారని బాధపడకు, అందరికీ రాస్తారు. గుండె బలహీనత, నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఇంట్లో ఎవరికైనా ఉన్నా చెప్పు, వాటిలో టీఎన్ఎఫ్ ఆపడం మేలు చేయకపోగా కీడు చేసింది, ఈ పదార్థం ఒకచోట మంట పెట్టేది ఇంకోచోట మంటని అదుపు చేసే పనిలోనూ ఉంటుంది మరి. ఫలితం వస్తే బాగానే వస్తుంది, కొన్ని వారాల్లోనే తేడా తెలిసేవాళ్ళున్నారు, మూడు నెలలకి తేలిపోతుంది. కొందరికి అసలు పనిచెయ్యదు, అది కూడా తెలిసి దిగాలి.

డబ్బు విషయం నిర్మొహమాటంగా చెప్తాను. ఇది జ్వరం మందులా ఒక కోర్సు కాదు, పనిచేస్తే నెలలూ ఏళ్ళూ నడవాలి. గొలుసు తాకట్టు డబ్బుతో నాలుగు నెలలు వేయించి ఆపేస్తే చాలామందికి జబ్బు తిరిగొస్తుంది, మధ్యమధ్యలో ఆపి మొదలుపెడుతుంటే ఒళ్ళు ఆ మందుకే విరుగుడు తయారు చేసుకుని తర్వాత పనిచేయకపోవచ్చు. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది, వచ్చి ఇంజెక్షన్ వేయించుకుని పోయే ఖర్చుకి మామూలుగా వర్తించదు. బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీల్లో ఉచితంగా దొరికే మందుల్లో ఏమున్నాయో వెళ్ళి అడిగితే పోయేదేం లేదు. కంపెనీల రాయితీ పథకాలు ఉంటాయి, డాక్టరు ద్వారానే అడగాలి. ఇంకో చిన్న సంగతి, ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్‌లో గడ్డ కట్టకూడదు. ఎండాకాలం విశాఖ నుంచి గుణుపురం దాకా ప్యాసింజర్‌లో తేవాలంటే ఐస్ బాక్సు ఉండాలి, మీ ఊళ్ళో కరెంటు పోతే ఫ్రిజ్ ఎన్ని గంటలు చల్లగా ఉంటుందో ముందే చూసుకోవాలి.

రెండో దారి మీ ఇంట్లో ఎవరూ ఎత్తినట్టు లేదు, నాకు మాత్రం ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ నడుస్తున్నాయి, వాటికి సల్ఫాసలజీన్ కలిపితే మూడు మందుల పద్ధతి అవుతుంది. 2013లో అమెరికా వాళ్ళ ఒక అధ్యయనంలో 353 మంది మీద చూశారు, మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలనివాళ్ళలో ఈ మూడు మాత్రల దారి, టీఎన్ఎఫ్‌ని ఆపే ఎటానర్‌సెప్ట్ ఇంజెక్షన్ దారికి ఏమాత్రం తీసిపోలేదు. ఖర్చు ఎంతో తక్కువ, టీబీ భయం ఆ స్థాయిలో లేదు. నీ మోతాదులు పూర్తిగా పెంచి చూశారా, మాత్ర బదులు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చా అన్నదీ అడుగు. మనవైపు జీ6పీడీ లోపం (పుట్టుకతో ఎర్రకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువ ఉండటం) ఉన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళకి సల్ఫాసలజీన్ ఎర్రకణాల్ని విరిచేయొచ్చు, కాబట్టి ముందు ఆ టెస్టు, సల్ఫా అలర్జీ ఉంటే అదీ చెప్పాలి. ఎముక ఇప్పటికే అరుగుతోంది కాబట్టి దీనికి నెలలు ఖర్చుపెట్టే టైం లేదని డాక్టరు అనొచ్చు, ఆయన దగ్గర ఎక్స్‌రే ఉంది, నా దగ్గర లేదు. కానీ ఇన్నాళ్ళూ ఆయన లెక్కలో పొడి లేదు కదా, అది తెలిశాక లెక్క మారొచ్చు, అటైనా ఇటైనా.

టోఫాసిటినిబ్ అని మాత్ర కూడా చెప్తారు, సైటోకైన్ కబురు కణం లోపలికి చేరకుండా ఆపుతుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, మన దేశంలో జనరిక్ దొరుకుతుంది. మాత్రే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, టీబీ ముప్పు దానికీ ఉంది, సర్పి (హెర్పిస్ జోస్టర్) పొక్కులు ఎక్కువ, పిల్లల కోసం చూసేవాళ్ళకి అసలు పడదు. నీకది సరైన దారిలా నాకు కనపడట్లేదు.

ఇంకో దారి, పిల్లల్నే ముందు పెట్టుకోవడం. అప్పుడు మెథోట్రెక్సేట్ ఆపి, గర్భంలోనూ వాడదగ్గ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, కావాలంటే తక్కువ మోతాదు ప్రెడ్నిసలోన్ మీద నడిపించాలి. జబ్బు అలా ఆగకపోతే టీఎన్ఎఫ్ ఇంజెక్షన్లు గర్భం కోసం చూసేటప్పుడు కూడా వాడతారు, సర్టోలిజుమాబ్ అనేది మాయ దాటి బిడ్డకి చేరేది చాలా తక్కువ. గర్భంలో సుమారు సగం మందికి నొప్పులు తగ్గుతాయి, కాన్పయ్యాక తిరగబెడతాయి, పసిబిడ్డని ఎత్తుకోవాల్సిన చేతులే అప్పుడు వాస్తాయి కాబట్టి ఆ నెలల ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి. జబ్బు మండుతుండగా గర్భం దాల్చడం తల్లికీ బిడ్డకీ మంచిది కాదు, అందుకే ఒక ఆరు నెలలో ఏడాదో జబ్బుని అణిచి తర్వాత చూద్దాం అని డాక్టరు అంటే అది వాయిదా వేయడం కాదు. 29 ఏళ్ళకి ఆ టైం నీకుంది. ఐదేళ్ళైంది అని చుట్టాలు అంటారు, ఆ మాట పడేది నువ్వే, నాకు తెలుసు, కానీ కీలు పోతే కీలు పోయిందే.

ఏదీ వద్దు, పొడితోనే నెట్టుకొద్దాం అంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. నొప్పి తెలియదు, ఎముక అరుగుతుంది, షుగరు, బీపీ, కంట్లో శుక్లం, వెన్నెముక పలచబడటం వస్తాయి. అన్నిటికీ మించి, టీఎన్ఎఫ్ ఇంజెక్షన్ ఒంట్లో శక్తిని చంపేస్తుందని అత్తయ్య భయపడుతున్నారే, ఆ ఇంజెక్షన్ ఒక్క కబురునే ఆపుతుంది, స్టెరాయిడ్ ఒక్కసారే డజన్ల కొద్దీ కబుర్లని అణిచేస్తుంది, మోతాదు ఎంతో ఎవరికీ తెలియకుండా. టీబీని లేపే గుణం దానికీ ఉంది.

ఇక అత్తయ్యకి ఎలా చెప్పాలి అన్నావు. ఆవిడ చెడు చేద్దామని తేలేదు, నువ్వు మూలుగుతుంటే చూడలేక సంతకి నడిచివెళ్ళి తెచ్చారు. "మీ పొడి వల్లే ఇదంతా" అంటే ఆ మాట మీ ఇంట్లో ఇరవై ఏళ్ళు ఉంటుంది. "అత్తయ్యా, మీ పొడి తింటే నొప్పి తగ్గుతోంది, అందులో ఏముందో డాక్టరు గారికి చూపిస్తే సరైన మోతాదు ఆయనే రాస్తారు, మీరూ రండి" అని అడుగు, అందులో అబద్ధం లేదు. ఆరు నెలలు ఒక్క మాత్ర వదలకుండా టీబీ కోర్సు పూర్తి చేసిన మనిషి, మందుల క్రమశిక్షణ మీ ఇంట్లో ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ ఒప్పుకోకపోయినా నువ్వు డాక్టరుకి చెప్పే తీరాలి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్తానంటే మీ ఆయన్ని బయట కూర్చోమని నర్సుతో అనిపించవచ్చు. మీ ఆయనకి మాత్రం ముందే చెప్పెయ్యమంటాను, గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిన మనిషికి ఆ డబ్బు దేని మీద పోతోందో తెలియాలి. కోపం వస్తే రానీ, ఒక రోజు.

విశాఖ వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, సీఆర్‌పీ కాగితాలు తేదీల వరసలో, అత్తయ్య టీబీ కార్డు, మిగిలిన పొడి పొట్లం పట్టుకెళ్ళు. ఈలోగా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా మీ ఊరి ఆసుపత్రిలోనే కఫం పరీక్షకి ఇవ్వు. సల్ఫాసలజీన్ గురించి డాక్టరుగారు ఏమన్నారో నాకు తప్పకుండా రాయి, ఆయన వద్దంటే ఎందుకు వద్దన్నారో కూడా రాయి.